ముందు దొరికిన చేపలు

జీవశాస్త్రాల విద్యార్థులకు పరిశోధనా పద్ధతులు అనే పేపర్‌ను నేను చాలా ఏళ్లు చెప్పాను. పిల్లలకు ఆ పేపరంటే చిన్నచూపు. చేపనో కప్పనో ముందు పెట్టుకుని చేసే ప్రాక్టికల్‌లో ఉన్న సంబరం ఇందులో ఉండదు. నిర్వచనాలు బట్టీ పట్టి, పరీక్షలో దించేసి, గేటు దాటేలోపు మరిచిపోయేవాళ్లు. వాళ్లననడం దేనికి, చెప్పేవాళ్లం చాలామందిమి అంతే. నోట్సు చదివి వినిపించి, చేతికంటిన సుద్ద దులుపుకుని వచ్చేసేవాళ్లం.

రిటైరయ్యాక మారేడ్‌పల్లిలోని మా ఇంటికి, కొత్తగా రిసెర్చిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వస్తారు. "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసిందేమిటో నాకు తెలుసు. ఏ జర్నల్‌కు పంపితే తొందరగా వేస్తారు, ఏ గైడు మంచివాడు, ఎన్నేళ్లలో బయటపడొచ్చు. అవి నేను చెప్పను. నా ప్రమోషన్ల కథ కూడా చెప్పను, అందులో ఎవరూ నేర్చుకోవలసింది లేదు. ఒక్క తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు నాది. శిక్ష మాత్రం ఇంకొకరికి పడింది.

మా గురువుగారి వరస

నేను పీహెచ్‌డీ చేసినప్పుడు మా గైడుగారంటే డిపార్ట్‌మెంటంతటికీ హడల్. తెల్లకోటు లేకపోతే ఊరుకునేవారు. చిత్తుకాగితం మీద అంకెలు రాస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. ఒకసారి తొందరలో నేను చేపల బరువులు అరచేతి మీద రాసుకున్నాను. ఆయన కంటబడింది. "చెయ్యి కడుక్కుంటే నీ డేటా మోరీలో పోతుంది. ఇవాళ్టికి ఇంటికి పో" అన్నారు. అందరి ముందూ అన్నారు. నేను ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పటికీ ఆయన చేసింది సరైనదే అంటాను.

అంత పట్టింపు గల మనిషి నేర్పిన వాటిలో ఒక నియమం ఉండేది. ముందు కంట్రోల్, తర్వాత ట్రీట్‌మెంట్. ఈ సబ్జెక్టు తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొత్త మేత చేపలకు మంచిదా కాదా అని తేల్చాలంటే, కొన్ని తొట్టెల్లో చేపలకు ఆ కొత్త మేత వేస్తాం, అది ట్రీట్‌మెంట్. కొన్ని తొట్టెల్లో మామూలు మేతే వేస్తాం. ఈ మామూలు మేత గుంపే కంట్రోల్. పోల్చి చూసుకోవడానికి అది ఉండాలి. ఏ పని చేసినా, నీళ్లు మార్చినా, తొట్టి కడిగినా, ముందు కంట్రోల్ తొట్టెల దగ్గర చెయ్యాలి. లేకపోతే కొత్త మేతో మందో అంటిన వల, అదే అంటిన చెయ్యి కంట్రోల్ నీళ్లలో మునుగుతుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే నేను ఎప్పుడూ అడగలేదు.

నేను గైడునయ్యాక నా పిల్లలకూ అదే నేర్పాను. వాళ్లు కూడా అడగలేదు.

ఇంకో సంగతి చెప్పి ముందుకు పోతాను, సిగ్గుతోనే చెబుతున్నాను. శాంపిల్ ఎలా తీయాలో క్లాసులో చెప్పేటప్పుడు, ప్రతి ఏడూ బోయిన్‌పల్లి మార్కెట్ ఉదాహరణే చెప్పేదాన్ని. టమాటా పెట్టె కొనేవాడు పైవరస చూసి బేరమాడడు, అడుగుదాకా చెయ్యి పెట్టి నాలుగు తీసి చూస్తాడు, చేతికి ముందు తగిలినవే మొత్తానికి సాక్ష్యం అనుకోడు అని. పిల్లలు నవ్వుతూ రాసుకునేవాళ్లు. క్లాసు అవగానే నేను చేపల గదికి పోయి, చేతికి ముందు తగిలిన చేపల్ని వరసగా కంట్రోల్ తొట్టెల్లో వేయించేదాన్ని.

నస్రీన్

నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లలో నస్రీన్ అంత శ్రద్ధ గల పిల్లను నేను చూడలేదు. వాళ్ల నాన్నకు బోయిన్‌పల్లిలో టైలరింగ్ షాపు. ఇంట్లో డిగ్రీ దాటి చదివింది ఈ పిల్లే. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఏదైనా అర్థం కాకపోతే తల ఊపి వెళ్లిపోయే రకం కాదు. "మళ్లొకసారి చెప్పుండ్రి మేడం" అని నిలబడేది. ఆ నిలబడడం చూసి నాకు ఒక్కోసారి ఒళ్లు మండేది కూడా.

ఆమె ఎంచుకున్న పని మునగాకు. రవ్వ చేప పిల్లలకు మేతలో మునగాకు పొడి కలిపి పెడితే, ఒంటి మీద పుండ్లు తెచ్చే రోగాన్ని అవి తట్టుకుంటాయా లేదా అన్నది ప్రశ్న. రెండు నెలలు మేత పెట్టి, తర్వాత ఆ రోగం తెచ్చే బ్యాక్టీరియాను నీళ్లలో వదిలి, రెండు వారాలపాటు ఎన్ని చచ్చాయో రోజూ పొద్దున్నే లెక్కపెట్టాలి. ఆరు గాజు తొట్టెలు. మూడు కంట్రోల్, మూడు మునగాకు.

మొదటిసారే ఫలితం కళ్లకు కట్టినట్టు వచ్చింది. కంట్రోల్ తొట్టెల్లో సగానికి పైగా పోయాయి. మునగాకు తొట్టెల్లో చచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండోసారి చేసింది, అదే. మూడోసారి చేసింది, అదే. నేను పొంగిపోయాను. చేపల చెరువులున్న రైతులకు పెరట్లో దొరికే ఆకుతో పని జరుగుతుందంటే అంతకన్నా ఏం కావాలి? స్టాఫ్ రూమ్‌లో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను.

థీసిస్ రాయడం దాదాపు అయిపోయింది. ఆమె ఫెలోషిప్ ముగియడానికి ఇంకో మూడు నెలలుంది. ఊళ్లోనే ఒక కాలేజీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి, థీసిస్ సబ్మిట్ చేసిన కాగితం తెస్తే లెక్చరర్‌గా తీసుకుంటామన్నారు. ఆ పిల్ల ఐదేళ్ల బతుకు ఆ ఒక్క కాగితం మీద ఆగి ఉంది.

మల్లయ్య మాట

మా చేపల గదిలో పనిచేసే మల్లయ్యది కాప్రా. నేను ఆ డిపార్ట్‌మెంటుకు రాకముందు నుంచీ ఉన్నాడు. ఫారం నుంచి చేప పిల్లలు వస్తే పెద్ద సిమెంటు తొట్టిలో పోసి నాలుగు రోజులు ఉంచడం, తర్వాత చేతి వలతో పట్టి లెక్కపెట్టి గాజు తొట్టెల్లో వేయడం అతని పని. నీళ్లు తాకి చూసి, ఇవాళ చేపలు మేత తినవని చెప్పేవాడు. తినేవి కావు. మేం అది చూసి నవ్వి ఊరుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం థీసిస్‌లో పెట్టడానికి ఫోటోలు కావాలని చేపలు పట్టిస్తున్నాను. మల్లయ్య వల ముంచుతూ అన్నాడు.

"మేడం, ఒక మాట చెప్పాల్నా? ఏమనుకోరు గద."

"చెప్పు మల్లయ్యా."

"నస్రీనమ్మ చేపలు కంట్రోల్ తొట్టిలయే ఎక్కువ సచ్చిపోతున్నయ్ అంటున్రు గద. ముందుగల వలకు దొరికేటివి సుస్తు చేపలు మేడం. ఉషారున్నవి ఊకెనే దొరకయ్, ఉరుకుతయ్. ఆఖరికి నీళ్లు తీసేస్తే గప్పుడు దొరుకుతయ్. మనం ముందు దొరికినయన్నీ కంట్రోల్లనే ఏస్తున్నం."

నాకు మొదట కోపం వచ్చింది. "అన్నీ ఒకే ఈడువి, ఒకే సైజువి చూసి తెచ్చాం కదా" అన్నాను.

"సైజు గాదు మేడం, పానం. సైజు ఒక్కటే ఉన్నా పానం ఒక్కటే ఉంటదా?"

వల పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను ఆ సిమెంటు తొట్టిలోకి చూశాను. నిజంగానే కొన్ని పైపైన మెల్లగా తిరుగుతున్నాయి. కొన్ని వల నీడ పడగానే మూలకు పోతున్నాయి. ముప్పై ఏళ్లుగా చూస్తున్న తొట్టి అది.

అప్పుడు తట్టింది నాకు. ముందు కంట్రోల్ అన్న నియమం మందు అంటకుండా ఉండడానికి పెట్టింది. చేపల్ని తొట్టెల్లో వేసే రోజున ఏ తొట్టిలోనూ మందు లేదు, మునగాకు లేదు. ఆరింట్లోనూ ఉన్నవి ఒకే నీళ్లు. ఆ రోజుకు ఆ నియమంతో పనే లేదు. జాగ్రత్త అనుకుని చేసిన పనే బలహీనమైన చేపలన్నిటినీ ఒక పక్కకు, గట్టివాటన్నిటినీ ఇంకో పక్కకు చేర్చింది. ఆ తర్వాత మునగాకు పెట్టినా, ఉత్త తవుడు పెట్టినా గట్టివే బతుకుతాయి.

"ఇది నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు మల్లయ్యా?"

"చిన్నప్పటి సంది తెలుసు మేడం. మా నాయనతోని చెర్వుకాడికి పోయేటోన్ని."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగిన్రు మేడం? పట్టుమన్నరు, పట్టిన. గీ తొట్టిల ముందెయ్యమన్నరు, ఏసిన."

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

నాలుగు రోజులు

ఈ సంగతి విన్న వెంటనే నస్రీన్‌ను పిలిచి చెప్పానని రాస్తే ఎవరూ కాదనరు. కానీ నేను నాలుగు రోజులు ఆమెకు చెప్పలేదు. మల్లయ్య ఎవరితోనైనా అన్నాడేమో అని కనిపెట్టుకుని కూడా ఉన్నాను. అంత నీచంగా ఆలోచించాను.

మూడో రోజున ఉండబట్టలేక మా హెడ్ దగ్గరకు పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. విద్యార్థులకు ఏ కష్టం వచ్చినా సంతకం పెట్టి పంపే మనిషి. అంతా విని, కుర్చీ వెనక్కి వాలి అన్నాడు. "మేడం, మీరు అనవసరంగా పరేషాన్ అవుతున్రు. మూడుసార్లు చేసింది, మూడుసార్లు అదే వచ్చింది. ఇంకేం గావాలె? అటెండర్ ఏదో అన్నడని పిల్ల లైఫ్ ఖరాబ్ చేస్తరా?"

ఆ మాట నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. గదిలోంచి బయటికి వచ్చేదాకా నిజమనే నమ్మాను. మెట్లు దిగుతుంటే ఆ హాయి పోయింది. తక్కెడే తప్పుగా ఉంటే మూడుసార్లు తూచి ఏం లాభం? ఆ తప్పు మూడుసార్లూ అలాగే చూపిస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దీని దగ్గరే ఎక్కువ మోసపోతారు. మళ్లీ మళ్లీ అదే వస్తోందంటే నిజమై ఉండాలనుకుంటారు. ఒకే చెయ్యి, ఒకే వల, ఒకే వరస అయితే వచ్చేది ఒకే తప్పు.

ఐదో రోజున నస్రీన్‌ను కూర్చోబెట్టి మల్లయ్య అన్నది అన్నట్టు చెప్పాను. ఆమె తన నోటుబుక్కు తెరిచి మొదటి ప్రయోగం పేజీ చూసుకుంది. తర్వాత అడిగింది.

"అంటే మునగాకు పని చేయదా మేడం?"

"తెలియదమ్మా. చేయొచ్చు, చేయకపోవచ్చు. మనం ఇన్నాళ్లూ చూసింది మునగాకు గొప్పతనమా, వల వరసా అన్నది తెలియదు."

"ఎట్ల తెలుస్తది?"

"మళ్లీ మొదటినుంచి చెయ్యాలి."

"మరి సబ్మిషన్?"

ఆమె కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుంది. "షాపుకొచ్చిన అందరికీ చెప్పుకుంటుండు మేడం మా అబ్బాజాన్. నా బిడ్డ డాక్టర్ అయితుంది, కాలేజీల సార్ల లెక్క చెప్తది అని. ఇప్పుడు ఆయనకు ఏం చెప్పాలె?"

"నీ ఇష్టం నస్రీన్. హెడ్‌గారు ఉన్నది ఉన్నట్టు సబ్మిట్ చెయ్యమంటున్నారు. నేను సంతకం పెట్టనని మాత్రం అనను" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకు నాకు అసహ్యం వేస్తుంది. గైడును నేను. తేల్చవలసిన భారం తీసుకెళ్లి ఇరవై ఏడేళ్ల పిల్ల నెత్తిన పెట్టాను.

ఆమె లేచి తలుపు దాకా వెళ్లి ఆగింది. "మేడం, మీ పాత పేపర్లల్ల సుత ముందు కంట్రోలేనా?"

"లేదమ్మా. అప్పుడు పద్ధతి వేరు" అన్నాను.

అది అబద్ధం. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

చీటీలు

మర్నాడు పొద్దున నస్రీన్ నాకన్నా ముందే చేపల గదిలో ఉంది. సబ్మిట్ చేయనని ఆమె నాతో చెప్పలేదు. మల్లయ్యను అడిగి ఫారానికి ఎప్పుడు పోవాలో రాసుకుంటోంది, అంతే.

మొదట చేసిన పరీక్ష ఆమె ఆలోచనే. ఆరు తొట్టెలకూ మామూలు మేతే, మునగాకు ఊసే లేదు. చేపల్ని మాత్రం పాత వరసలోనే వేయించింది. బ్యాక్టీరియా వదిలాక ముందు నింపిన మూడు తొట్టెల్లో చేపలు చచ్చాయి, చివర నింపినవాటిలో బతికాయి. మునగాకు లేకుండానే మునగాకు ఫలితం వచ్చింది. ఆ కాగితం చూసినప్పుడు ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

తర్వాత అసలు ప్రయోగం మళ్లీ చేశారు. ఒక స్టీలు డబ్బాలో తొట్టి నంబర్లు రాసిన చీటీలు వేసుకున్నారు. మల్లయ్య ఒక చేపను పడతాడు, నస్రీన్ ఒక చీటీ తీస్తుంది, ఏ నంబరు వస్తే ఆ చేప ఆ తొట్టిలోకి. గంటలో అయ్యే పని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. ర్యాండమైజేషన్ అని నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి రెండు గంటలు చెప్పిన పాఠం ఇంతే. చీటీ తీయడం. ఏ చేప ఎటు పోవాలో మన చెయ్యి తేల్చకుండా చూసుకోవడం.

రెండు నెలల మేత, రెండు వారాల లెక్క. ఆఖరి రోజు ఆమె నోటుబుక్కు నా టేబుల్ మీద పెట్టింది.

"రెండు దిక్కులా సమానమే మేడం."

మునగాకు వల్ల ఏ తేడా లేదు. ఇంకో రెండుసార్లు చేసింది, లేదు.

కాలేజీ వాళ్లు ఆగలేదు, ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. ఫెలోషిప్ ముగిసింది. ఆమె సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ, పొద్దున ల్యాబుకు వస్తూ, రెండేళ్లు ఆలస్యంగా థీసిస్ ఇచ్చింది. అందులో మునగాకు పనిచేయలేదని ఉంది. ఎందుకు పనిచేసినట్టు కనిపించిందో చెప్పే అధ్యాయం ఒకటి ఉంది. ఆ అధ్యాయంలో, చేపలు పట్టే వరసలోని లోపాన్ని గుర్తించింది మల్లయ్య అని పేరుతో సహా రాసింది. "అటెండర్ల పేర్లు కృతజ్ఞతల పేజీలో వేస్తారు, ఇక్కడ కాదు" అన్నాను. తీయలేదు. వైవాకు వచ్చిన ఎగ్జామినర్ "ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడిగితే, గది చివర టీ కప్పులు సర్దుతున్న మల్లయ్యను చూపించింది. ఆయన లేచి మల్లయ్యకు నమస్కారం పెట్టాడు. మల్లయ్యకు ఏం చేయాలో తెలియక ట్రే కింద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పగలిగింది ఇక్కడ ఉంది. మీ ప్రయోగంలో వల ఎవరి చేతిలో ఉందో వాళ్లను అడగండి. పద్ధతి రాసేముందు అడగండి. ఏదైనా నియమం చెబితే, అది ఏ పని కోసం పెట్టిందో, మీరు చేస్తున్నది ఆ పనేనా కాదా చూసుకోండి. మంచి గురువు చెప్పాడని ఊరుకోవద్దు. మా గురువుగారు మంచివారే. నేనూ చెడ్డదాన్ని కాదనే అనుకుంటాను. అయినా జరిగింది.

నా బుక్కులు

ఇక్కడితో ఆపితే ఇది మంచి పాఠంగా మిగిలేది. చాలా సభల్లో ఇక్కడితోనే ఆపాను. చప్పట్లు కొట్టారు.

నా పీహెచ్‌డీ కూడా చేపల మీదే. వేపాకు కషాయంతో రోగం తగ్గుతుందని నేను రాసిన రెండు పేపర్లను నమ్మి తర్వాత ఎందరో పని మొదలుపెట్టారు. ఆ ప్రయోగాల్లో ఏ తొట్టి ముందు నింపానో నాకు బాగా తెలుసు. తెలిసీ, నస్రీన్ రెండేళ్లు పోగొట్టుకోవడం పక్కన కూర్చుని చూశాను. నా పేపర్లు అలాగే ఉంచుకుని ఆమెది మాత్రం దిద్దించాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పెన్షన్ అయ్యాక చూద్దామనుకున్నాను. పెన్షన్ వచ్చాక ఆరోగ్యం బాగయ్యాక అనుకున్నాను. మనిషి తనకు తాను ఎన్ని వాయిదాలైనా ఇచ్చుకోగలడు.

పోయిన నెల ఆనాటి ల్యాబు నోటుబుక్కులు తీసి కూర్చున్నాను. నా రాతలోనే ఉంది, పేజీ తర్వాత పేజీ, కంట్రోల్ తొట్టెలు ముందు నింపాం అని. రెండు జర్నళ్లకూ ఉత్తరం రాశాను. చేపల్ని తొట్టెల్లోకి పంచిన పద్ధతి తప్పు, ఈ ఫలితాలను నమ్మవద్దు, ఆ మాట అచ్చు వేయండి అని. ఒక కాపీ నస్రీన్‌కు పంపాను. ఆమె ఇప్పుడు ఒక జిల్లాలోని డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది.

రెండు రోజులకు ఫోన్ చేసింది.

"చదివిన మేడం."

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను నస్రీన్."

"తెలుసు మేడం. మీ బుక్కులు అప్పుడు డిపార్ట్‌మెంట్ బీరువాలనే ఉండె గద. ఆ వారమే తీసి చూసిన."

ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మా ఇంటికి వచ్చింది, పండక్కి సేమ్యా పాయసం తెచ్చింది, నా పక్కన కూర్చుని టీ తాగింది. ఒక్కసారి కూడా ముఖంలో కనపడనివ్వలేదు.

"మరి నన్ను అడగలేదేం తల్లీ?"

"అడిగిన గద మేడం" అంది మెల్లగా. "ఒకసారి అడిగిన."

ఆమె గొంతులో కోపం లేదు. నేను ఏడుస్తున్నానని ఆమెకు తెలిసి ఉంటుంది.

"ఈ లెటర్ మా పిల్లలకు క్లాసుల చదివి వినిపిద్దామనుకుంటున్న మేడం. మీ పేరు తీసేయాల్నా?"

వద్దు, ఉంచమని చెప్పాను.